స్టాక్ ఎంత అంటే మూడు నంబర్లు వస్తున్నాయి, తప్పు నాదేనా అక్కా?

ప్రశ్న: అక్కా నమస్తే. నేను గుంటూరులో ఒక మిర్చి వ్యాపారం ఆఫీసులో ఎమ్మైఎస్, అంటే లెక్కల రిపోర్టులు, చూస్తాను, మూడేళ్ళయింది. మా వాళ్ళకి సొంత ఏసీ, అదే కోల్డ్ స్టోరేజీ, ఉంది, మిర్చి యార్డులో కొంటారు, కొంచెం ఎక్స్‌పోర్టు కూడా ఉంది. పోయినేడు డబ్బులు పెట్టి డాష్‌బోర్డ్, అదే లెక్కలన్నీ ఒకే స్క్రీన్ మీద చూపించేది, చేయించారు. అప్పట్నుంచి ప్రతి సోమవారం మీటింగులో గొడవే. ఏసీ రిజిస్టర్‌లో ఒక స్టాకు, ఎకౌంట్స్ సాఫ్ట్‌వేర్ ట్యాలీలో ఇంకోటి, డాష్‌బోర్డ్‌లో మూడోది. అందుకని నేను ఆదివారం రాత్రి కూర్చుని ఎక్సెల్‌లో అన్నీ సరిచేసి ఒకే నంబర్ వచ్చేట్టు చేస్తాను. ఒక్కోసారి మిస్సవుద్ది, అప్పుడు అందరూ నా వైపే చూస్తారు. ఇప్పుడు మా ఓనర్ గారి అబ్బాయి హైదరాబాద్ నుంచి వచ్చి మనకి ఇన్ఫర్మేషన్ గవర్నెన్స్ కావాలి, డేటా క్వాలిటీ, ఎనలిటిక్స్ అందులో ఎక్కడొస్తాయో ఒక పేజీ రాసివ్వు అన్నారు. ఈ మూడింట్లో పెద్దది ఏది? మూడూ నేనే చెయ్యాలా? కొత్త సాఫ్ట్‌వేర్ కొంటే పోద్దా? ఇంకో మాట, రైతుల ఆధార్ జిరాక్సులు ఫోటో తీసి మా ఆఫీస్ వాట్సాప్ గ్రూపులో పెడతారు, అది నాకు ఎందుకో భయంగా ఉంటది. - ఒక ఎమ్మైఎస్ అమ్మాయి, గుంటూరు

సమాధానం:

చెల్లీ, పేజీ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ ఆదివారం రాత్రి సంగతి మాట్లాడాలి.

నువ్వు రాత్రి పదకొండింటి దాకా కూర్చుని సరిచేస్తున్నావు చూడూ, అది చేస్తున్నట్టు మీ ఆఫీసులో ఎవరికీ తెలీదు కదా, నాకైతే అసలు జబ్బు అదే అనిపిస్తంది. నేను ఈ మాట ఊరికే అనట్లేదు, ఇదే పని నేనూ రెండేళ్ళు చేశాను. బెజవాడలో ఒక ఆస్పత్రిలో రికార్డ్స్ చూసేదాన్ని అప్పుడు. అక్కడ రిజిస్ట్రేషన్ కౌంటర్లో వయసు కొట్టకుండా ఎంటర్ నొక్కేస్తే ఆ సాఫ్ట్‌వేర్ దానంతటదే సున్నా వేసుకునేది. ఏడాది నిండని పిల్లలకి కూడా సున్నానే. ఇప్పుడు ఆ సున్నా నిజంగా పసిబిడ్డా, లేక కౌంటర్లో అమ్మాయి పొద్దున తొమ్మిదింటి రద్దీలో వదిలేసిన పెద్దాయనా ఎట్లా తెలుస్తది? నేనేం చేసేదాన్నంటే నెలాఖర్న లిస్టు తీసి, కీళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళిన సున్నా ఏళ్ళ వాళ్ళందరివీ పాత కేస్ షీట్లు వెతికి ఒక్కొక్కళ్ళ వయసూ ఎక్కించేదాన్ని. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. రిపోర్టు చక్కగా ఉంది అని మెచ్చుకుంటే సంతోషపడేదాన్ని కూడా.

ఒక నెల మా ఆడపడుచు పెళ్ళని సెలవు పెట్టాను. ఆ నెల రిపోర్టు ఇంకో అబ్బాయి తీశాడు, సిస్టంలో ఏముందో అదే తీశాడు పాపం. మీటింగులో డైరెక్టర్ గారు చూసి, ఏమయ్యా మన దగ్గరికి మోకాళ్ళ నొప్పులకి ఇంతమంది చంటిపిల్లలు వస్తున్నారా అని అడిగేసరికి అందరూ నవ్వారు, ఆ అబ్బాయికి మాత్రం తల కొట్టేసినట్టయింది. వాడి తప్పు ఏమీ లేదు. తప్పు నాది, ఎందుకంటే రెండేళ్ళు ఆ చిల్లుని నేను చేత్తో మూసి పెట్టాను కాబట్టి అక్కడ చిల్లుందని ఎవరికీ తెలీలేదు. తర్వాత సాఫ్ట్‌వేర్ అతన్ని పిలిస్తే సగం రోజులో ఆ సున్నా తీసేసి వయసు కొట్టకపోతే ముందుకి పోకుండా చేశాడు. సగం రోజు పని! దానికి నేను రెండేళ్ళు నెలాఖర్లు పెట్టాను.

అందుకని నీ మొదటి ప్రశ్నకి, అంటే తప్పు నాదేనా అన్నదానికి, నంబర్లు తేడా రావటం నీ తప్పు కాదు గానీ తేడా కనపడకుండా చెయ్యటం మాత్రం నీ తప్పే అంటాను. కోపం తెచ్చుకోకు.

ఇప్పుడు ఆ మూడు మాటల సంగతి. నువ్వు యార్డు పక్కనే ఉన్నావు కాబట్టి యార్డు లెక్కలోనే చెప్తాను. కొనేవాడు ఏం చేస్తాడు, టిక్కీలో, అంటే మిర్చి బస్తాలో, చెయ్యి పెట్టి లోపల్నుంచి గుప్పెడు కాయ తీస్తాడు, రంగు చూస్తాడు, విరిచి చూస్తాడు, చెమ్మ ఎంతుందో, రంగు పోయిన తాలు కాయ ఎంత కలిసిందో చూస్తాడు. అది క్వాలిటీ. ఇవాళ అమ్మేద్దామా, ఏసీలో పెట్టి ఆషాఢం దాకా ఆగుదామా అని లెక్కలేసుకోవటం ఎనలిటిక్స్. మరి ఎవడు పడితే వాడు వచ్చి కొనకూడదు లైసెన్సు ఉండాలి, కాటా సరిగ్గా ఉండాలి, రైతుకి అమ్మకం లెక్క పట్టీ రాసివ్వాలి, గొడవొస్తే ఫలానా వాళ్ళు తేల్చాలి అనే కట్టుబాట్లు ఉన్నాయి చూడు, అది గవర్నెన్స్. కాయని విరిచి చూడటం కట్టుబాటు కాదు, కానీ కట్టుబాటు లేని చోట విరిచి చూసి కూడా లాభం లేదు, ఎందుకంటే ఇది తాలు అని నువ్వంటే కాదని వాడంటాడు, తేల్చేవాడు ఉండడు. మీ సోమవారం మీటింగులో జరిగేది అచ్చం ఇదే.

పెద్దది ఏది అంటే గవర్నెన్స్ అనే ఇంట్లో మిగతా రెండూ ఉంటాయి, అంతే. దానికింద ఇంకా చాలా ఉంటాయి, ఏ కాగితం ఎన్నేళ్ళు దాచాలి, ఎప్పుడు తీసి పారెయ్యాలి, ఎవరు చూడొచ్చు, పోలీసులో టాక్సు వాళ్ళో అడిగితే ఏది ఇవ్వాలి ఇట్లాంటివి. అమెరికాలో ఆర్మా అని రికార్డ్స్ మేనేజ్‌మెంట్ వాళ్ళ సంఘం ఒకటుంది, వాళ్ళు 2009లో దీనికి ఎనిమిది సూత్రాలు పెట్టారు, అందులో రికార్డు నమ్మదగ్గట్టు ఉండాలి అనేది ఒకటి, మిగతావి బాధ్యత, భద్రత, ఎన్నాళ్ళు ఉంచాలి, ఎట్లా వదిలించుకోవాలి లాంటివి. మీ చిన్న ఓనర్ గారికి ఇంకా గట్టి ఉదాహరణ కావాలంటే బ్యాంకుల సంగతి రాయి. 2008 సంక్షోభంలో పెద్ద పెద్ద బ్యాంకులు ఎవరి దగ్గర మన డబ్బు ఎంత ఇరుక్కుంది అంటే వెంటనే చెప్పలేకపోయాయి, వాళ్ళకి కంప్యూటర్లు లేకా, డాష్‌బోర్డులు లేకా? ఒక్కో డిపార్ట్‌మెంట్ ఒక్కో లెక్క. దాంతో దేశదేశాల బ్యాంకుల పర్యవేక్షకులు ఉండే బాసెల్ కమిటీ 2013 జనవరిలో 14 సూత్రాలు ఇచ్చింది. వాటి వరస చూడు, మొదటిది గవర్నెన్స్, తర్వాత డేటా ఎట్లా అమర్చుకోవాలి, ఆ తర్వాత ఖచ్చితంగా ఉండాలి, పూర్తిగా ఉండాలి, టైముకి రావాలి, ఇట్లా వెళ్ళి వెళ్ళి ఏడో సూత్రం దగ్గర గానీ రిపోర్టుల మాట రాదు. మీ వాళ్ళు ఏడో దాంతో మొదలెట్టారు, డాష్‌బోర్డ్ ముందు కొనేసి.

సరే, ఇప్పుడు మీ స్టాకు. నాకు మీ నంబర్లు తెలీవు గానీ మిర్చి వాళ్ళ లెక్కలు కాస్త తెలుసు, ఒక ఉదాహరణ వేసుకుందాం. ఏసీలో 1,200 టిక్కీలు ఉన్నాయనుకో. ఏసీ మేనేజర్‌కి స్టాకంటే టిక్కీలు, ఎందుకంటే వాళ్ళకి అద్దె టిక్కీ మీద, ఛాంబర్లో జాగా టిక్కీ మీద. ఆయన 1,200 అంటాడు, కరెక్టే. మీ ఎకౌంటెంట్‌కి స్టాకంటే బరువు, ఆయన టిక్కీకి 45 కిలోలు వేసుకుని 540 క్వింటాళ్ళు అని ట్యాలీలో పెడతాడు. కాటా మీద అసలు సగటు 43న్నర వచ్చిందనుకో, అది 522 క్వింటాళ్ళే. పద్దెనిమిది క్వింటాళ్ళ తేడా, క్వింటా 15 వేలు వేసుకున్నా 2 లక్షల 70 వేలు. ఎవరూ దొంగతనం చెయ్యలేదు! ఇహ సేల్స్ చూసే ఆయన 950 అంటాడు, డాష్‌బోర్డ్‌లోకి పోయేది ఆయన అంకె అనుకో, ఎందుకంటే 250 టిక్కీలకి బేరమైపోయింది, అడ్వాన్సు కూడా వచ్చింది, లోడు ఇంకా ఎత్తలేదు అంతే, ఆయన దృష్టిలో అవి మనవి కావు. ముగ్గురూ నిజమే చెప్తున్నారు. ముగ్గురూ ఒకే మాట వాడుతున్నారు, స్టాకు అని, అదీ వచ్చిన చిక్కు.

నువ్వు ఆదివారం రాత్రి ఈ మూడింటినీ ఒకటి చేస్తున్నావంటే ఏదో ఒక దాన్ని కొట్టేసి ఇంకో దాన్ని ఉంచుతున్నావన్న మాట. ఏది ఉంచాలో తేల్చే అధికారం నీకు ఎవరిచ్చారు? ఎవరూ ఇవ్వలేదు. అది ఓనర్ తేల్చాల్సింది. గవర్నెన్స్ అంటే మీ ఆఫీసులో ముందు ఇదే, మూడు పేర్లు పెట్టటం. గోడౌన్‌లో ఉన్నది, పుస్తకంలో ఉన్నది, అమ్మటానికి మిగిలింది, ఇట్లా మూడు గళ్ళు పెట్టి మూడూ చూపించమను డాష్‌బోర్డ్ మీద. అప్పుడు తేడా రావటం తప్పు కాదు, ఆ తేడా కూడా ఒక సమాచారమే. అమ్మి కూడా ఎత్తని సరుకు పెరిగిపోతుంటే ఓనర్‌కి అది తెలియాలి కదా.

రేటు అన్న మాట కూడా ఇంతే. యార్డు రేటు అంటే ఏ రేటు? గరిష్ఠమా, కనిష్ఠమా, ఎక్కువ సరుకు అమ్ముడుపోయిన మోడల్ రేటా? ప్రభుత్వం తన మార్కెట్ రేట్ల వెబ్‌సైట్ ఆగ్‌మార్క్‌నెట్‌లో మూడూ విడివిడిగా ఇస్తంది. మీ వాళ్ళు మాత్రం, మా ఊళ్ళో అందరి లాగానే, పేపర్లో చూసిన పెద్ద రేటు గుర్తుపెట్టుకుని దాన్నే రేటంటారు.

ఇవి మాటల తేడాలు. ఇవి కాక నిజంగా డేటా చెడిపోవటం అని ఇంకోటి ఉంది, అది వేరు, దీన్ని దాన్ని కలపకు. మీ మిర్చి వాళ్ళ దగ్గర అది మరీ అన్యాయంగా ఉంటది, ఎందుకంటే మీ రకాల పేర్లే నంబర్లు. 334, 341, 273, 4884, నంబర్ 5. ఎక్సెల్‌కి పాపం అది మిర్చి రకమని ఏం తెలుసు, నంబర్ అనుకుంటది. నాకు తెలిసినాయన ఒకాయన ఎక్సెల్‌లో మొత్తాలు వేసే పివట్ టేబుల్లో రకం కాలమ్‌ని పొరపాటున మొత్తాల్లోకి లాగాడు, 334లూ 341లూ అన్నీ కూడేసి ఒక పెద్ద అంకె వచ్చింది, అది టిక్కీలనుకుని రెండ్రోజులు సంతోషంగా ఉన్నాడు. లాట్ నంబర్లు ఇంకా ఘోరం. 245/50 అని కొడితే అట్లాగే ఉంటది, అదే చిన్న లాటు, 12/5 అని కొట్టావనుకో, అది మే 12 అయి కూర్చుంటది. ఒకే కాలమ్‌లో సగం లాట్లు, సగం తేదీలు. నవ్వకు, ప్రపంచంలో పెద్ద పెద్ద సైంటిస్టులకే దీంతో తల ప్రాణం తోకకొచ్చింది, మార్చ్‌1, సెప్ట్‌2 లాంటి జీన్ల పేర్లని ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తంటే 2020లో ఏకంగా ఆ జీన్లకే పేర్లు మార్చారు. అదే ఏడాది ఇంగ్లండ్‌లో కోవిడ్ కేసులు పాత ఎక్సెల్ ఫార్మాట్‌లో ఎక్కిస్తుంటే ఆ ఫైల్లో 65,536 వరసలకి మించి పట్టక 15,841 కేసులు లెక్కలోకే రాలేదు. ఎక్కడా ఎర్రర్ అని రాలేదు, మిగిలినవి ఊరికే కిందపడిపోయాయి. అందుకే కాలమ్‌ని ముందే టెక్స్ట్ చేసి పెట్టటం, లాట్ నంబర్ ముందు ఒక అక్షరం పెట్టటం లాంటి చిన్న పనులు ఈ వారమే చేసెయ్, దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

రైతుల పేర్ల సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. వెంకటేశ్వర్లు, వెంకటేశ్వరరావు, వెంకట్రావు, ఇంటిపేరు ముందొకసారి వెనకొకసారి, ఒకే ఊళ్ళో ఒకే పేరుతో నలుగురు, మళ్ళీ ఏసీ బాండు, అదే సరుకు దాచినట్టు ఇచ్చే రసీదు, తండ్రి పేరు మీద, డబ్బులు కొడుకు ఎకౌంట్లోకి. ఎవరెవరో తెలియకుండా మా దగ్గర ఇంతమంది రైతులున్నారు అని ఎవరైనా అంటే నేను సగమే నమ్ముతాను. పార్టీకి ఒక కోడు ఇవ్వటం, ఫోన్ నంబర్‌తో సరిచూడటం, ఒకళ్ళే రెండుసార్లు ఉన్నారనిపిస్తే కలిపే ముందు ఆ రైతుని అడగటం. తొందరపడి కలిపేస్తే అన్నదమ్ముల లెక్కలు కలిసిపోతాయి, ఆ గొడవ నువ్వు తీర్చలేవు.

ఇంకోటి చెప్తాను, ఇది తప్పు డేటా కూడా కాదు, అయినా దెబ్బ కొడతది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టారు కదా, 13 కాస్తా 26 అయ్యాయి, సత్తెనపల్లి, మాచర్ల, గురజాల, వినుకొండ అన్నీ పల్నాడులోకి వెళ్ళాయి, బాపట్ల వేరే అయింది. మీ డాష్‌బోర్డ్‌లో జిల్లా వారీ సరుకు అని ఉంటే 2021కీ 2023కీ పోల్చి చూడు, గుంటూరు జిల్లా నుంచి సరుకు ఢామ్మని పడిపోయినట్టు కనపడుద్ది. కాయ ఎక్కడికీ పోలేదు, గీత మారింది. పాత ఎంట్రీలు పాత జిల్లా పేరుతో ఉంచాలా, కొత్తగా మార్చాలా, ఎవరు తేల్చాలి? మళ్ళీ అదే ప్రశ్న చూశావా. క్వాలిటీ చెకింగ్ ఎంత చేసినా ఇది దొరకదు, ఎందుకంటే ప్రతి వరసా విడిగా చూస్తే కరెక్టే. దీన్ని పట్టుకునేది ఎనలిటిక్స్, తేల్చేది గవర్నెన్స్, ఆ తేల్చినట్టు సరిచేసి పెట్టేది క్వాలిటీ. నీ పేజీలో ఈ ఒక్క ఉదాహరణ రాసినా చాలు, నాకు తెలిసి మీ చిన్న ఓనర్ గారికి మూడింటి సంబంధం అర్థమైపోద్ది.

ఎనలిటిక్స్ అంటే చివర్లో వచ్చే బొమ్మలు అనుకుంటారు అందరూ. నేనైతే దాన్ని ముందు తనిఖీకి వాడమంటాను. రోజూ పొద్దున ఒక చిన్న లిస్టు తియ్యి. లోపలికి రాకముందే బయటికి పోయిన లాట్లు ఎన్ని, మైనస్ స్టాకు ఎక్కడుంది, ఫోన్ నంబర్ తొమ్మిదిలే పది ఉన్నవి ఎన్ని, టిక్కీ సగటు బరువు మరీ 30 కిలోలో 60 కిలోలో వస్తున్నవి ఏవి. జీఎస్టీ నంబర్ 15 అక్షరాలు ఉండాలి, మన రాష్ట్రానిది 37తో మొదలవ్వాలి, తెలంగాణ పార్టీది 36తో, ఆ తర్వాత పది అక్షరాలు వాళ్ళ పాన్. ఇట్లాంటివి కంప్యూటరే పట్టుద్ది. కానీ నంబర్ రూపం కరెక్టుగా ఉన్నంత మాత్రాన అది ఆ పార్టీదే అని కాదు, వేరే ఎవరిదో కరెక్టు నంబరే కొట్టి ఉండొచ్చు, అది మనిషే చూసుకోవాలి. ఈ లిస్టుని నువ్వు సరిచెయ్యకు. ఎక్కడ పుట్టిందో అక్కడికి పంపు.

ఎక్కడ పుట్టిందో అంటే చాలావరకు కాటా దగ్గర కంప్యూటర్ కొట్టే కుర్రాడి దగ్గర పుట్టి ఉంటది. వాడిని తిట్టేముందు మార్చి నెలలో ఒక మధ్యాహ్నం వెళ్ళి వాడి పక్కన గంట కూర్చో. గేటు బయట దాకా లారీలు, ట్రాక్టర్లు, హమాలీలు అరుస్తుంటారు, ఘాటుకి తుమ్ములు, కళ్ళమ్మట నీళ్ళు, స్క్రీన్ మీద పద్నాలుగు గళ్ళు నింపితే గానీ సేవ్ అవ్వదు. వాడేం చేస్తాడు, తొమ్మిది మీద వేలు పెట్టి నొక్కిపడతాడు. నేనైనా అంతే చేస్తాను. పద్నాలుగు గళ్ళల్లో అక్కడే కావాల్సినవి ఐదో ఆరో ఉంటాయి, మిగతావి సాయంత్రం ఆఫీసులో నింపుకోవచ్చు. గళ్ళు తగ్గించటం కన్నా మంచి క్వాలిటీ ప్రోగ్రాం నేను ఇంతవరకు చూడలేదు.

మూడూ నేనే చెయ్యాలా అన్నావు. వద్దు తల్లీ, చెయ్యలేవు కూడా. ఏసీలో ఉన్న సరుకుకి మేనేజర్ గారు జవాబుదారీ, పార్టీల పేర్లు జీఎస్టీలకి ఎకౌంటెంట్ గారు, బేరాలకి సేల్స్ ఆయన, వాళ్ళలో వాళ్ళకి పడకపోతే ఓనర్ గారు. నీ పని చూసి చెప్పటం. పేరు పక్కన పేరు రాయించు కాగితం మీద, అందరూ చూసుకుంటారు అని రాయనియ్యకు, అందరూ అంటే ఎవరూ చూడరని. కొత్త సాఫ్ట్‌వేర్ అంటావా, ఇవేమీ తేలకుండా కొంటే ఇదే గొడవ ఖరీదు ఎక్కువ పెట్టి పడతారు.

ఇహ చట్టాల సంగతి, ఇది కాస్త జాగ్రత్తగా చదువు, మీ ఓనర్ గారు వేరేవాటికి కదలకపోయినా దీనికి కదులుతారు. మీది కంపెనీగా రిజిస్టర్ అయ్యి ఉంటే లెక్కల పుస్తకాలు 8 ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి. జీఎస్టీ రికార్డులు ఆ ఏడాది యాన్యువల్ రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు. ఇంకా, కంపెనీలైతే 2023 ఏప్రిల్ 1 నుంచి ఎకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో రాసుకునే ఆడిట్ ట్రెయిల్ తప్పనిసరి, దాన్ని ఆఫ్ చెయ్యకూడదు. అంటే చూడు, ట్యాలీలో ఎకౌంటెంట్ గారు ఒక ఎంట్రీ మారిస్తే దానికి జాడ ఉంటది, నువ్వు ఎక్సెల్‌లో ఆదివారం రాత్రి మార్చిన దానికి ఏ జాడా లేదు, మరి ఓనర్ గారు లక్షల బేరాలు తేల్చుకునేది నీ ఎక్సెల్ చూసి. ఫైనల్, ఫైనల్ 2, కొత్త ఫైనల్ అని ఫైళ్ళు ఉన్నాయి కదా నీ దగ్గర? ఉంటాయి, నాకు తెలుసు.

రైతుల వివరాల విషయానికొస్తే 2023లో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది, దాని రూల్స్ 2025 నవంబర్‌లో ఇచ్చారు, ముఖ్యమైన బాధ్యతలకి అక్కడ్నుంచి 18 నెలలు టైం. అందులో ఎనిమిదో సెక్షన్‌లో ఒక మాట ఉంది, నీ పేజీకి అది బంగారం. ఒక మనిషి గురించి నిర్ణయం తీసుకోవటానికి ఆ మనిషి వివరాలు వాడుతున్నా, లేక ఇంకో సంస్థకి ఇస్తున్నా, ఆ వివరాలు పూర్తిగా, కరెక్టుగా, ఒకదానికొకటి పొంతనగా ఉండేట్టు చూడాల్సిన బాధ్యత దాచుకున్నవాళ్ళదే అని. అంటే డేటా క్వాలిటీ ఇప్పుడు చట్టంలోకి కూడా వచ్చేసింది. మీ ఏసీ బాండు చూసి బ్యాంకు రైతుకి లోన్ ఇస్తది కదా, అందులో 60 టిక్కీలు కాస్తా 6 అయితే ఆ రైతు బతుకు మీద దెబ్బ. ఆయన వచ్చి నా వివరాలు సరిచెయ్యండి అని అడిగే హక్కు కూడా అదే చట్టంలో ఉంది. జరిమానాలు పెద్దవి, భద్రత విషయంలో గట్టిగా ఫెయిలైతే 250 కోట్ల దాకా రాసుంది, మీ మీద అంత వేస్తారని కాదు గానీ ఆ అంకె పేజీలో ఉంటే చదివేవాళ్ళు కళ్ళు పెద్దవి చేసుకుని చదువుతారు.

ఇందులోనే ఇంకో సంగతి. సరుకు దాచుకోటానికని ఇచ్చిన ఫోన్ నంబర్లకి మీ వాళ్ళు రేపు పురుగుమందుల ఆఫర్ మెసేజీలు పంపుదామంటే, నంబర్లన్నీ నూటికి నూరుపాళ్ళు కరెక్టే అయినా అది తప్పే. ఎందుకు తీసుకున్నామో దానికే వాడాలి. డేటా క్వాలిటీ బాగుంటే చాలు అనుకునేవాళ్ళకి ఇది చెప్పు, డేటా ఎంత శుభ్రంగా ఉంటే తప్పుడు పని అంత బాగా జరుగుద్ది.

పేజీ ఎట్లా రాయాలంటే, ఇంగ్లీషు నిర్వచనాలతో మొదలెట్టకు. పోయిన నాలుగు సోమవారాలు స్టాకు ఎంతెంత చెప్పారో మూడు నంబర్లూ వరసగా పెట్టు. కింద, ఈ తేడాలో ఇంత అమ్మి ఎత్తనిది, ఇంత బరువు అంచనాది, ఇంత నిజంగా తప్పు ఎంట్రీలు అని విడగొట్టు. ఆ మూడో ముక్క చాలా చిన్నగా ఉంటదని నా అనుమానం. ఆ కింద పేర్లు, ఏది ఎవరు చూడాలి. ఆ కింద ఓనర్ గారు తేల్చాల్సిన ప్రశ్నలు, స్టాకంటే ఏది, రేటంటే ఏది, పాత జిల్లాలు ఏం చెయ్యాలి, ఆధార్ కాపీలు ఎన్నాళ్ళు ఉంచాలి. అంతే, పేజీ అయిపోద్ది.

ఈ ఆదివారం మాత్రం సరిచెయ్యకు. మూడు నంబర్లూ ఉన్నవి ఉన్నట్టు వదిలెయ్. కాకపోతే చెప్పకుండా వదలొద్దు, శనివారమే ఓనర్ గారికి ఫోన్ చేసి సార్, ఈసారి మూడూ విడివిడిగా పెడుతున్నాను, ఎందుకో సోమవారం చెప్తాను అని ఒక మాట వేసెయ్, మీటింగులో ఆయన్ని ఉలిక్కిపడనియ్యకు. ఇన్నాళ్ళూ నేను సరిచేస్తూ వచ్చాను, అవి ఇవీ అని లిస్టు కూడా ఇవ్వు. మొదట కాస్త కసురుకుంటారు. మా డైరెక్టర్ గారూ కసురుకున్నారు, ఆ సాయంత్రమే సాఫ్ట్‌వేర్ అతనికి ఫోన్ చేశారు.

ఆ వాట్సాప్ గ్రూపుకి మాత్రం సోమవారం దాకా ఆగకు. అందులో ఎంతమంది ఉన్నారో, మానేసి వెళ్ళిపోయినవాళ్ళు ఎంతమంది ఇంకా ఉన్నారో ఇవాళే చూసి ఓనర్ గారికి చూపించు, ఇకమీదట ఆధార్ కావాల్సి వస్తే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనపడే మాస్క్‌డ్ ఆధార్ తీసుకోమను, పాత ఫోటోల్లో బ్యాంకు పనికి నిజంగా కావాల్సినవి ఏవో ఎకౌంటెంట్ గారితో ఏరించి ఒక చోట తాళం వేసి పెట్టాక మిగతావి ఆయన చేత సరే అనిపించుకుని తీసేయించు. నువ్వు ఒక్కదానివే కూర్చుని రాత్రిపూట డిలీట్ చెయ్యకు సుమా.